సతీష్ ధావన్

సతీష్ ధావన్ (సెప్టెంబర్ 25, 1920 - జనవరి 3, 2002) ప్రముఖ భారతీయ వైమానిక శాస్త్రవేత్త, అధ్యాపకుడు, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) పూర్వాధ్యక్షుడు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సుమారు రెండు దశాబ్దాల పాటు సంచాలకుడుగా పనిచేశాడు. తిరుపతి జిల్లా సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సుకు ఆవల ఉన్న శ్రీహరికోట రాకెట్ ప్రయోగ కేంద్రానికి మరణానంతరం ఈయన పేరు పెట్టారు. సూళ్లూరుపేట రైల్వే స్టేషనులో దిగి షార్ దారి పట్టే ప్రతివారికీ ఆ పేరు సుపరిచితమే. అయితే ఆ పేరు గల మనిషి జీవితంలో అధికభాగం తరగతి గదిలోనూ, ప్రయోగశాలలోనూ, కొత్త పాఠ్యక్రమాలకు చోటు కల్పించడంలోనూ గడిచిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఇస్రో అధ్యక్షుడుగా ఆయన పన్నెండేళ్ళు ఉంటే, విజ్ఞాన సంస్థలో ముప్పై ఏళ్ళు ఉన్నాడు. చదువు ముగించిన విద్యార్థి ఒక వస్తువును స్వయంగా రూపొందించగలగాలనీ, దానిని వాడబోయే మనిషిని ముందే ఎరిగి ఉండాలనీ భావించే ధోరణి ఆయన ఏలుబడిలో వెలసిన కోర్సులలోనూ, కార్యక్రమాలలోనూ స్పష్టంగా కనిపిస్తుంది.

బాల్యము, విద్యాభ్యాసము

ధావన్ 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో జన్మించాడు. తండ్రి దేవీదయాళ్ ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి. చదువు లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో సాగింది. ఆ చదువు నడిచిన తీరు విలక్షణమైనది. గణితము, భౌతికశాస్త్రములతో బి.ఏ. చేసి, ఆంగ్ల సాహిత్యములో ఎం.ఏ. పట్టా పొంది, తరువాత 1945లో మెకానికల్ ఇంజనీరింగులో పట్టభద్రుడయ్యాడు. సాహిత్యం చదివినవాడు యంత్రాల జోలికి రావడం ఆనాడు అరుదు, ఈనాడు ఇంకా అరుదు. పదో తరగతి కాగానే ఎం.పి.సి. అనో బై.పి.సి. అనో గీత గీసి పిల్లలను చెరొక గట్టున నిలబెట్టే మన పద్ధతిలో ఇటువంటి చదువుకు చోటే లేదు. వివిధ శాస్త్రాలవారిని, సాంఘిక శాస్త్రజ్ఞులను ఒకే పనిలోకి చేర్చగల నేర్పు ఆయనకు తరువాతి కాలంలో అలవడిందంటే, దానికి బీజం ఈ చదువులోనే ఉన్నదనుకోవచ్చు.

కొద్దికాలం బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో పనిచేసిన తరువాత ఉన్నత విద్య కొరకు అమెరికా వెళ్ళాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి 1947లో ఎం.ఎస్., కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (కాల్‌టెక్) నుండి 1949లో ఏరోనాటికల్ ఇంజనీరు పట్టా, 1951లో పిహెచ్.డి. పొందాడు. అక్కడ ఆయన గురువు హాన్స్ లీప్‌మన్.

ఆయన పరిశోధన గాలి ప్రవాహంలో ఉన్న తలంపై కలిగే ఘర్షణను నేరుగా కొలవడం గురించినది. అంతకు ముందు ఈ ఘర్షణను ఎక్కువగా ఇతర కొలతల ఆధారంగా లెక్కకట్టి ఊహించేవారు. ధావన్ తలంలో ఒక చిన్న భాగాన్ని విడదీసి, అది కదలగలిగేటట్లు అమర్చి, దానిపై గాలి చూపే బలాన్నే తిన్నగా కొలిచే పరికరం తయారుచేశాడు. ఈ పని 1953లో అమెరికా వైమానిక సలహా సంఘం (నాకా) నివేదికగా వెలువడింది. చెప్పడానికి చిన్న విషయమే. కాని ఊహించడం కన్న దగ్గరకు పోయి చూడడం మేలన్న పట్టుదల ఆయన తరువాతి పనులన్నింటిలోనూ కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ పేర్కొనవలసి వచ్చింది.

అధ్యాపకుడుగా

1951లో ధావన్ భారతీయ విజ్ఞాన సంస్థలో సీనియర్ సైంటిఫిక్ ఆఫీసరుగా చేరాడు. 1955లో ఆచార్యుడై, వైమానిక శాస్త్ర శాఖకు అధిపతి అయ్యాడు. దేశంలో మొదటి సూపర్‌సోనిక్ విండ్ టన్నెళ్ళు ఈ శాఖలోనే ఆయన చేతిమీదుగా వెలిశాయి. విదేశాల నుండి పరికరాలు తెప్పించడం కష్టమైన రోజులవి. అందువలన విద్యార్థులు కొలమానాలను, నమూనాలను స్వంతంగా చేసుకోవలసి వచ్చేది. ఆ లోటే ఒక విధంగా పాఠమయింది. పరికరాన్ని స్వయంగా చేసినవాడికి అది ఎక్కడ తప్పు చెబుతుందో తెలుస్తుంది. పెట్టె విప్పి వాడుకున్నవాడికి ఆ సంగతి తెలియదు.

ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు రొద్దం నరసింహ (1933 - 2020). ఈయన ఇంటిపేరు అనంతపురం ప్రాంతంలోని రొద్దం గ్రామానికి చెందినది. నునుపుగా సాగే ప్రవాహం అల్లకల్లోల ప్రవాహంగా మారే దశను గురించి గురుశిష్యులిద్దరూ కలిసి 1958లో ప్రకటించిన పత్రం ఆ రంగంలో ప్రసిద్ధమైనది. నరసింహ కూడా గురువు నడిచిన దారినే కాల్‌టెక్ వెళ్ళి, లీప్‌మన్ వద్ద పరిశోధన చేసి, తిరిగి విజ్ఞాన సంస్థకే వచ్చాడు.

శనివారపు పాఠాలు

ధావన్ పాఠం చెప్పే తీరుకు మంచి సాక్ష్యం ఏ.పి.జె.అబ్దుల్ కలాం జ్ఞాపకాలలో దొరుకుతుంది. 1960 ప్రాంతంలో కలాం బెంగుళూరులోని రక్షణ శాఖ ప్రయోగశాలలో నంది అనే హోవర్‌క్రాఫ్ట్ నిర్మాణంలో పనిచేస్తున్న యువ ఇంజనీరు. దానికి ఎదురెదురు దిశలలో తిరిగే జంట ప్రొపెల్లర్ కావలసి వచ్చింది. రూపకల్పన ఎలా చేయాలో ఆ బృందంలో ఎవరికీ తెలియదు. కలాం వెళ్ళి ధావన్‌ను అడిగాడు. ధావన్ రూపకల్పన చేసి ఇవ్వలేదు, చేతకాదని పంపనూ లేదు. శనివారాలలో వచ్చి తన వద్ద పాఠం చెప్పించుకొమ్మని షరతు పెట్టాడు.

ఆ తరువాత చేసినది గమనించదగినది. మొత్తం పాఠాల క్రమాన్ని ముందుగానే నల్లబల్లపై వ్రాసి చూపాడు. మొదటి పాఠానికి రాకముందే చదువుకొని రావలసిన పుస్తకాల పట్టిక ఇచ్చాడు. తరగతిలో మొదట ప్రశ్నలు వేసి, వచ్చినవాడికి ఎంత తెలుసో తేల్చుకొని, అక్కడినుండి పాఠం మొదలుపెట్టేవాడు. పాఠాలు ముగిశాక కలాం స్వయంగా ప్రొపెల్లర్‌ను రూపొందించాడు. పరీక్ష సమయంలో ధావన్ వచ్చి చూశాడు.

ఒక్క విద్యార్థి, ఒక్క వస్తువు, కొన్ని శనివారాలు. పరిమాణంలో చాలా చిన్న కోర్సు. కాని వృత్తికి తయారుచేసే కోర్సు ఎలా ఉండాలో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ ఆయన జీవితంలో మరొకటి కనబడదు. చివర తయారు కావలసిన వస్తువు మొదటిరోజే తెలుసు. పాఠాల సంఖ్యను, క్రమాన్ని నిర్ణయించింది ఆ వస్తువే. పరీక్ష అంటే ప్రశ్నపత్రం కాదు, ప్రొపెల్లర్ తిరగడమే.

విజ్ఞాన సంస్థ సంచాలకుడుగా

1962లో ధావన్ భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 42 సంవత్సరాలు. ఆ పదవిలో 1981 వరకు కొనసాగాడు. అంతకాలం ఆ పదవిని నిర్వహించినవారు ఆ సంస్థ చరిత్రలో వేరెవరూ లేరు. 1958లో సంస్థకు విశ్వవిద్యాలయ హోదా లభించి, పాత డిప్లొమాల స్థానంలో పట్టాలు ఇవ్వడం మొదలైంది. పాఠ్యక్రమాలను కొత్తగా అల్లుకోవడానికి అది అనువైన తరుణం.

ధావన్ పాత శాఖలను కదిలించడం కన్న, వాటి ప్రక్కనే కొత్త కేంద్రాలను నెలకొల్పి సమర్థులైనవారికి అప్పగించడానికి మొగ్గు చూపాడు. జి.ఎన్.రామచంద్రన్ రాకతో అణు జీవభౌతిక విభాగము, ఇ.సి.జి.సుదర్శన్ ఆధ్వర్యంలో 1972లో సైద్ధాంతిక అధ్యయన కేంద్రము, 1976లో సి.ఎన్.ఆర్.రావు రాకతో ఘనస్థితి రసాయనశాస్త్ర విభాగము ఏర్పడ్డాయి. ఇవన్నీ శాస్త్ర పరిశోధనకు సంబంధించినవి. ప్రస్తుత విషయానికి ముఖ్యమైనవి 1974లో మొదలైన మరి రెండు సంస్థలు.

మొదటిది ఎలక్ట్రానిక్ రూపకల్పన, సాంకేతిక కేంద్రము. దీనిని స్విట్జర్లాండ్ సహకారంతో స్థాపించారు. అప్పటి ఎలక్ట్రానిక్స్ చదువులో ఒక పెద్ద లోపం ఉండేది. విద్యార్థికి సర్క్యూట్ గీయడం, లెక్కలు కట్టడం వచ్చేది. ఆ సర్క్యూట్‌ను ఏ పెట్టెలో అమర్చాలి, వేడి ఎలా బయటకు పోవాలి, మీటలు ఎక్కడ ఉంటే చేతికి అందుతాయి, అంకెలు ఎంత పెద్దవైతే కంటికి ఆనతాయి, చెడిపోతే ఎలా విప్పాలి, వేల సంఖ్యలో ఎలా తయారుచేయాలి అన్నవి కళాశాలలో ఎవరూ చెప్పేవారు కాదు. ఇవి ఫ్యాక్టరీలో చేరాక నేర్చుకొనే చిల్లర విషయాలని భావించేవారు. ఈ కేంద్రం వాటినే పాఠ్యాంశాలు చేసింది. పరికరాల పెట్టెల రూపకల్పన, పారిశ్రామిక రూపకల్పన, ఉత్పత్తి విధానాలు సర్క్యూట్లతో సమానంగా కోర్సులో చోటుచేసుకొన్నాయి. విద్యార్థి సర్క్యూట్‌తో ఆగక, పనిచేసే వస్తువు దాకా వెళ్ళవలసి వచ్చేది. పరిశ్రమలలో పనిచేస్తున్న ఇంజనీర్లకు కూడా స్వల్పకాలిక తరగతులు నడిపారు. తరువాతి కాలంలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఇదే నమూనాలో ఔరంగాబాద్, కాలికట్ మొదలైన చోట్ల సంస్థలను నెలకొల్పింది. బెంగుళూరు కేంద్రం పేరు తరువాత ఎలక్ట్రానిక్ వ్యవస్థల ఇంజనీరింగ్ శాఖగా మారింది.

రెండవది అస్త్ర. గ్రామీణ ప్రాంతాలకు శాస్త్ర సాంకేతికతల అన్వయం అనే ఆశయంతో ఏర్పడిన ఈ విభాగానికి సారథి ఆచార్య అమూల్య రెడ్డి. అంతవరకు విద్యుత్ రసాయనశాస్త్రంలో పేరుపొందిన ఆయన పల్లెల ఇంధన సమస్య వైపు మళ్ళాడు. విజ్ఞాన సంస్థ వంటి చోట పొయ్యిల గురించి, మట్టి ఇటుకల గురించి పరిశోధన చేయడం చాలామందికి చిన్నతనంగా తోచింది. ఇది విజ్ఞానమా అని అడిగినవారూ లేకపోలేదు. ధావన్ ఆ విభాగానికి అండగా నిలిచాడు. తుమకూరు జిల్లాలోని ఉంగ్ర గ్రామంలో దాని విస్తరణ కేంద్రం వెలసింది. పరిశోధకులు బెంగుళూరులో గీసిన చిత్రాలతో సరిపెట్టుకోక, పల్లె ఇండ్లలో కట్టెలు ఎంత కాలుతున్నాయో, వంట ఎంతసేపు పడుతున్నదో, నీళ్ళకు ఎంత దూరం నడుస్తున్నారో లెక్కించారు. పొగ గొట్టం కలిగి, ఒకే మంటపై మూడు గిన్నెలు ఉడికే అస్త్ర ఒలె ఈ కృషిలోనే పుట్టింది. కన్నడంలో ఒలె అంటే పొయ్యి.

పొయ్యి ఎంత సమర్థమైనదో ప్రయోగశాలలో కొలవవచ్చు. అది వంటింట్లో నిలుస్తుందా లేదా అన్నది వండే స్త్రీ నిర్ణయిస్తుంది. నోరు చిన్నదైతే చీల్చని కట్టె పట్టదు, ఎత్తు ఎక్కువైతే సంగటి కెలకడం కష్టం. ఇటువంటి విషయాలు ఇంజనీరింగు పట్టా చదువులోకి రావడానికి పల్లెలో కాలు పెట్టిన ఇటువంటి విభాగం కావలసివచ్చింది.

ఇస్రో అధ్యక్షత

1971 డిసెంబర్ 30న విక్రం సారాభాయ్ హఠాత్తుగా మరణించాడు. కొన్ని నెలలు ఎం.జి.కె.మీనన్ ఇస్రో బాధ్యతలు చూశాడు. ఆ సమయంలో ధావన్ సెలవుపై కాల్‌టెక్‌లో పాఠాలు చెబుతున్నాడు. ప్రధానమంత్రి ఇందిరా గాంధీ కబురు పంపగా, చేపట్టిన పని ముగించుకొని వస్తానని, విజ్ఞాన సంస్థ సంచాలకత్వాన్ని వదలనని, అంతరిక్ష కార్యక్రమానికి బెంగుళూరే ప్రధాన స్థానం కావాలని షరతులు పెట్టాడు. ప్రభుత్వం అంగీకరించింది. 1972లో ఇస్రో అధ్యక్షుడుగా, అంతరిక్ష శాఖ కార్యదర్శిగా బాధ్యతలు స్వీకరించి 1984 వరకు కొనసాగాడు. ఈ పదవికి నామమాత్రంగా ఒక్క రూపాయి జీతం మాత్రమే తీసుకున్నాడు.

ఆయన కాలంలో ఆర్యభట్ట (1975), భాస్కర (1979), యాపిల్ (1981) ఉపగ్రహాలు కక్ష్యలోకి చేరాయి. 1983లో ఇన్సాట్-1బి పనిచేయడం మొదలుపెట్టింది. సంస్థలో సమీక్షా సంఘాల పద్ధతిని స్థిరపరచాడు. రూపకల్పన చేసినవారు తమ పనిని బయటి నిపుణుల ముందు పెట్టి ప్రశ్నలకు జవాబు చెప్పవలసి ఉండేది. వయస్సులో చిన్నవారు పెద్దల లెక్కలను ప్రశ్నించవచ్చు. విశ్వవిద్యాలయ సదస్సుల పద్ధతిని ఒక ప్రభుత్వ శాఖలోకి తెచ్చాడని దీనిని గురించి చెప్పవచ్చు.

పల్లెలలో టెలివిజన్

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) ఈ కాలంలోని మరొక ముఖ్య ఘట్టం. దీని ఒప్పందం సారాభాయ్ కాలంలో, 1969లో కుదిరింది. అమలు ధావన్ హయాంలో, అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం సంచాలకుడు యశ్‌పాల్ నాయకత్వంలో జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటిఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. గ్రాహక టెలివిజన్ పెట్టెలను హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసింది. తెలుగు కార్యక్రమాల నిర్మాణ కేంద్రం కూడా హైదరాబాదులోనే ఉండేది. ఒకే చిత్రంతో రెండు భాషల ధ్వనిని పంపే వీలు ఉండడం వలన తెలుగు, కన్నడ గ్రామాలు ఒకే దృశ్యాన్ని తమ తమ భాషలలో వినగలిగాయి.

ఈ ప్రయోగంలో ఉపగ్రహం కన్న ఆసక్తికరమైనది ప్రేక్షకుల అధ్యయనం. ఇస్రో సాంఘిక శాస్త్రజ్ఞులను, మానవశాస్త్రజ్ఞులను చేర్చుకొని గ్రామాలకు పంపింది. కొందరు నెలల తరబడి పల్లెలోనే నివసించారు. పెట్టె ఎక్కడ పెట్టారు, ఆ చోటికి అన్ని కులాలవారూ రాగలుగుతున్నారా, ఆడవారు వస్తున్నారా, రైతుకు చూపిన బొమ్మ రైతుకు అర్థమయిందా, పిల్లలు ఏ దృశ్యం వద్ద లేచి పోతున్నారు అన్నవి వ్రాసుకున్నారు. కార్యక్రమాలు తీయకముందు అవసరాల గురించీ, తీసిన తరువాత ఫలితాల గురించీ విచారణ జరిగింది. రాకెట్లు చేసే సంస్థ ఇటువంటి పనికి మనుషులను పెట్టడం అప్పట్లో వింత. వాడుకరిని అధ్యయనం చేసి రూపకల్పన చేయడమని ఈనాడు కోర్సులలో బోధించేది సరిగ్గా ఇదే.

ఇన్సాట్ ఉపగ్రహాలలో ఏర్పాటు చేసిన విపత్తు హెచ్చరిక వ్యవస్థలోనూ ఇదే వైఖరి కనిపిస్తుంది. 1977 నవంబర్ 19న వచ్చిన దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. 1980లలో దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీర గ్రామాలలో పెట్టిన గ్రాహకాలు ముప్పు ఉన్న ప్రాంతంలో మాత్రమే మోగేవి. ముందు సైరను, తరువాత స్థానిక భాషలో మాట. చదువు రానివాడు కూడా, అర్ధరాత్రి నిద్రలో ఉన్నవాడు కూడా అర్థం చేసుకోగలిగినదే హెచ్చరిక అవుతుంది కదా.

శ్రీహరికోట, సూళ్లూరుపేట

శ్రీహరికోట దీవిని 1969లో ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్టును ఇక్కడి నుండి ప్రయోగించారు. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ ఆలయంతో, చెన్నై - గూడూరు రైలుమార్గంతో ఉన్న సూళ్లూరుపేట ఈ దీవికి ముఖద్వారం. సరస్సు మధ్యగా వేసిన రోడ్డు పట్టణాన్ని దీవితో కలుపుతుంది. షార్ ఉద్యోగుల నివాస కాలనీలు పట్టణంలోనూ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి మారింది.

దీవిలో తరతరాలుగా యానాదులు నివసించేవారు. అడవి, సరస్సు వారి జీవనాధారం. కేంద్రం రావడంతో అనేక కుటుంబాలు తమ తావులను వదలవలసి వచ్చింది. వాడుకరిని ఎరిగి రూపకల్పన చేయాలన్న సూత్రాన్ని చర్చించేటప్పుడు, దేశానికంతటికీ సేవచేసే కేంద్రం కొరకు తావు ఇచ్చినవారు ఆ లెక్కలో ఎక్కడ ఉన్నారన్న ప్రశ్నను దాటవేయరాదు.

1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం ఇక్కడ విఫలమైంది. నాలుగు దశలు, 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు గల ఆ వాహనం 317 సెకన్ల తరువాత బంగాళాఖాతంలో పడిపోయింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడం కారణమని తేలింది. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగమని సూచించినదని, నిపుణులను సంప్రదించి, దానిని త్రోసిపుచ్చి ముందుకు సాగామని ప్రాజెక్టు డైరెక్టరు కలాం తరువాత చెప్పాడు. యంత్రం తెరపై చూపిన హెచ్చరికకు ఎంత విలువ ఇవ్వాలో మనిషి కొన్ని క్షణాలలో తేల్చుకోవలసిన సందర్భం అది. మనిషికీ కంప్యూటరుకూ మధ్య సంబంధాన్ని బోధించేవారు విదేశీ ఉదాహరణల కొరకు వెదకనవసరం లేదు.

ఆనాడు విలేఖరుల ముందుకు ధావన్ స్వయంగా వెళ్ళాడు. వైఫల్యానికి బాధ్యత తనదేనని ఒప్పుకొని, బృందంపై తనకు నమ్మకం ఉన్నదని, మరుసటి ఏడాదికి సాధిస్తారని ప్రకటించాడు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరినప్పుడు మాత్రం తాను వెనుక ఉండి, విలేఖరుల వద్దకు కలాంను పంపాడు. ఈ ఉదంతం నాయకత్వ పాఠంగా లెక్కలేనన్ని ఉపన్యాసాలలో వినిపిస్తుంది. అధ్యాపకుడుగా ఆయన రీతిని ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం కలగదు. శనివారపు విద్యార్థి ప్రొపెల్లర్‌ను తానే గీసుకున్నట్లే, రాకెట్టు విజయాన్ని కూడా ఆ విద్యార్థే చెప్పుకున్నాడు.

పులికాట్ పక్షులు

షార్‌కు వచ్చిపోయే దారిలో సరస్సుపై వాలే పక్షులు ధావన్‌ను ఆకర్షించాయి. శీతాకాలంలో రాజహంసలు, గూడబాతులు ఇక్కడికి, దగ్గరలోని నేలపట్టుకు వస్తాయి. వాటి రెక్కల కదలికను గమనించి, పక్షుల ఎగురుడుపై ఆయన వ్రాసిన ఆంగ్ల గ్రంథాన్ని 1991లో భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రచురించింది. పదవీ విరమణ తరువాత, 70 ఏళ్ళ వయస్సులో ఒక వైమానిక శాస్త్రవేత్త తిరిగి మొదటి పాఠానికి, అంటే రెక్కకూ గాలికీ, వెళ్ళడం ముచ్చటైన విషయం. సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండుగకు వచ్చేవారిలో ఈ పుస్తకం సంగతి తెలిసినవారు తక్కువ.

వాడుకరి అనుభవ విద్య - ధావన్ పద్ధతి

యూజర్ ఎక్స్‌పీరియన్స్, అనగా వాడుకరి అనుభవం, అనే మాట 1990లలో వ్యాప్తిలోకి వచ్చింది. ధావన్ ఆ మాటను వాడలేదు, ఆ పేరుతో కోర్సును పెట్టనూ లేదు. అయినా ఈ వృత్తికి విద్యార్థులను తయారుచేయాలనుకొనే కళాశాలలు నేడు ఎదుర్కొనే చిక్కులే ఆయన సంస్థలలో ముందుగా ఎదురయ్యాయి. విద్యార్థికి రూపకల్పన, గణనశాస్త్రం, మనస్తత్వశాస్త్రం మూడూ కావాలి, కాని శాఖలు వేరు వేరు. అదే దశాబ్దంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మనిషి - కంప్యూటర్ సంబంధాల అధ్యయనానికి ప్రత్యేక సంస్థ ఏర్పడినప్పుడు అక్కడి కంప్యూటర్ శాస్త్ర కళాశాలకు డీన్‌గా ఉన్నది పూర్వపు చిత్తూరు జిల్లా కాటూరుకు చెందిన రాజ్ రెడ్డి. అక్కడా మార్గం ఇదే. పాత శాఖల మధ్య కొత్త ఇల్లు కట్టి, అందరినీ అందులోకి రప్పించడం.

ఈ పద్ధతికి పరిమితి కూడా ఉన్నది. ధావన్ నెలకొల్పిన కోర్సులు కొద్దిమంది విద్యార్థులకు, ధారాళమైన వనరులు గల ఒక సంస్థలో నడిచాయి. సాధారణ ఇంజనీరింగ్ కళాశాలలలో పాఠ్యప్రణాళికను అనుబంధ విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది, పరీక్ష మూడు గంటల కాగితమే. అక్కడ ఈ రంగం పేరుతో నేర్పుతున్నది చాలాసార్లు ఒక బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వాడకమే. సాఫ్ట్‌వేర్ రెండేళ్ళకు మారిపోతుంది, దానితో పాటు ఆ చదువూ పాతబడుతుంది. సూళ్లూరుపేట బస్‌స్టాండులో టిక్కెట్టు యంత్రం పట్టుకున్న కండక్టరును, సరస్సు ఒడ్డున ఫోనులో వాతావరణం చూసుకొనే జాలరిని నాలుగు రోజులు గమనించి రమ్మని విద్యార్థిని పంపడానికి ఖర్చేమీ లేదు. సైట్ పరిశోధకులు 1975లో చేసినది అదే. దానికి మార్కులు ఎలా వేయాలన్నదే కళాశాలలకు తెగని సమస్యగా మిగిలింది.

కుటుంబము, పురస్కారములు

ధావన్ భార్య నళిని కణ జన్యుశాస్త్రవేత్త. ఆయనకు 1971లో పద్మభూషణ్, 1981లో పద్మవిభూషణ్, 1999లో ఇందిరా గాంధీ జాతీయ సమైక్యతా పురస్కారం లభించాయి. 1977 నుండి 1979 వరకు భారతీయ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. 2002 జనవరి 3న బెంగుళూరులో మరణించాడు.

అదే సంవత్సరం సెప్టెంబర్ 5న శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు మార్చారు. సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినోత్సవం కూడా కావడం గమనార్హం. షార్ అన్న పాత పేరు వాడుకలో నిలిచిపోయింది. 2021 ఫిబ్రవరి 28న పి.ఎస్.ఎల్.వి.-సి51 వాహనం ఇక్కడినుండి మోసుకుపోయిన ఉపగ్రహాలలో సతీష్ ధావన్ శాట్ ఒకటి. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ ఆధ్వర్యంలో విద్యార్థులు తయారుచేసిన చిన్న ఉపగ్రహం అది.